బిమ్ మోడల్ వల్ల నిజంగా ఎంత మిగిలింది? తిరుపతి నిర్మాణాలకు ఒక కొలత మార్గదర్శి

కొన్నేళ్ల కిందట తిరుపతిలో ఒక లాడ్జి భవనానికి మేము మొదటిసారి బిమ్ (బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్) మోడల్ తయారుచేసినప్పుడు, సాఫ్ట్‌వేర్ పట్టుకున్న 1,600 పైచిలుకు క్లాష్‌ల, అంటే ఒక భాగం మరొక భాగానికి అడ్డుపడే చోట్ల, నివేదికను ముద్రించి, బైండు చేయించి, గర్వంగా యజమాని ముందు పెట్టాము. ఆయన నాలుగు పేజీలు తిప్పి, "ఇందులో మా మేస్త్రీ కంటికి ఆననివి ఎన్ని?" అని మాత్రం అడిగారు. మా దగ్గర సమాధానం లేదు. ఆ ప్రశ్నకు లెక్కతో సమాధానం చెప్పే పద్ధతినే ఈ వ్యాసంలో మెట్టుమెట్టుగా వివరిస్తున్నాను. ఐదారు అంతస్తుల లాడ్జి, హాస్టల్, ఆసుపత్రి వంటి మధ్యస్థాయి భవనాలను దృష్టిలో పెట్టుకొని రాసినది ఇది; ఫ్లైఓవర్లకు, పైపులైన్లకు ఇందులోని కొలతలు యథాతథంగా సరిపోవు.

బిమ్ అంటే భవనపు 3డి బొమ్మ మాత్రమే కాదని చదువరులకు తెలిసే ఉంటుంది. గోడ, దూలం, పైపు, డక్టు (ఏసీ గాలి గొట్టం) వంటి ప్రతి భాగమూ తన కొలతలను, పదార్థాన్ని, స్థానాన్ని తనతోనే మోసుకొనే సమాచార నమూనా అది. ఆ సమాచారాన్ని ఎవరు, ఎప్పుడు, ఏ రూపంలో ఇవ్వాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 19650; దాని మొదటి రెండు భాగాలు 2018లో వెలువడ్డాయి. అయితే ప్రమాణం పాటించామన్నది ఒక సంగతి, దానివల్ల డబ్బు మిగిలిందన్నది మరొక సంగతి. మనం కొలవబోయేది రెండవదాన్ని.

మొదటి మెట్టు: ఎవరి జేబు లెక్క రాస్తున్నారో తేల్చుకోండి

ఒకే ఆదా ఒకరికి లాభమై, మరొకరికి ఏమీ కాకపోవచ్చు. మన ప్రాంతంలో చాలా ప్రైవేటు భవనాలు అడుగు లెక్కన కూలి కాంట్రాక్టుకు ఇస్తారు. సిమెంటు, ఉక్కు యజమాని కొంటాడు. అటువంటి చోట కడ్డీల వృథా తగ్గితే మిగిలేది యజమానికే. బార్ బెండింగ్ మేస్త్రీకి టన్ను లెక్కన కూలి ఇస్తున్నట్లయితే, ఉక్కు తగ్గడం అతనికి పైగా నష్టం. పదార్థంతో సహా మొత్తం ధరకు ఒప్పుకున్న కాంట్రాక్టులో అదే ఆదా కాంట్రాక్టరుకు పోతుంది. కట్టిన గోడ పగలగొట్టి మళ్లీ కట్టవలసి వస్తే, తప్పు డ్రాయింగులో ఉందా, పనిలో ఉందా అన్నదాన్ని బట్టి ఆ ఖర్చు ఎవరి మీద పడుతుందో మారుతుంది. కాబట్టి లెక్క పుస్తకం మొదటి పేజీలోనే "ఈ లెక్క యజమాని తరఫున" అనో, "కాంట్రాక్టరు తరఫున" అనో రాసి, చివరిదాకా అదే దృష్టితో సాగాలి. మధ్యలో దృష్టి మారిస్తే అంకెలు పెరుగుతాయి కాని, వాటికి అర్థం ఉండదు.

రెండవ మెట్టు: మోడల్‌ను దేనికి వాడుతున్నారో ముందే రాసిపెట్టండి

బిమ్ వల్ల లాభం అనే మాట మరీ పెద్దది. దాన్ని వాడుకల వారీగా విడదీయాలి. డ్రాయింగుల మధ్య పొంతన చూడడం, పరిమాణాలు తీయడం, పనుల క్రమాన్ని కాలానికి జోడించడం, పూర్తయ్యాక నిర్వహణకు సమాచారం అందించడం అనే నాలుగింటిలో మీరు నిజంగా చేసేవి ఏవో గుర్తించండి. చేయని వాడుకకు లాభం రాయకూడదు. ఇది చెప్పనక్కరలేని మాటలా కనిపిస్తుంది కాని, మోడల్‌లో ఒక్క కడ్డీ కూడా గీయకుండానే ఉక్కులో ఇంత శాతం ఆదా అని రాసిన నివేదికలు నేను చూశాను.

మూడవ మెట్టు: దేనితో పోలుస్తున్నారు?

మోడల్ లేకుండా ఇదే భవనం కట్టి ఉంటే ఏమి జరిగేదన్నది ఎవరూ చూడలేరు. అందువల్ల పోలికకు ఒక ఆధారాన్ని పని మొదలు కాకముందే ఎంచుకోవాలి. పని అయిపోయాక ఎంచుకుంటే, మనకు అనుకూలమైన పాత ప్రాజెక్టే చేతికి దొరుకుతుంది.

అన్నింటికన్నా మంచిది ఒకే ఆవరణలో ఒకే నమూనా భవనాలు రెండు లేచేటప్పుడు, ఒకదాన్ని మోడల్‌తో, మరొకదాన్ని పాత పద్ధతిలో చేయడం. కళాశాల హాస్టళ్లలో ఇటువంటి అవకాశం అప్పుడప్పుడు దొరుకుతుంది. కాని మొదటి బ్లాకులో చేసిన తప్పులను అదే బృందం రెండవ బ్లాకులో చేయదు గనుక, వీలైతే రెండింటినీ ఒకేసారి మొదలుపెట్టాలి. లేదంటే అనుభవం వల్ల వచ్చిన మెరుగు కూడా మోడల్ ఖాతాలో పడిపోతుంది.

రెండవ మార్గం, మీ సంస్థ గతంలో కట్టిన భవనాల రికార్డులు. ఇక్కడ మన ఊరి పరిస్థితులను మరచిపోతే పోలిక మొత్తం తప్పుతుంది. తిరుపతికి ఎక్కువ వర్షం అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. 2021 నవంబరులో ఊరు నీట మునిగిన సంగతి అందరికీ గుర్తుంది. ఆ నెలల్లో పునాదులు తవ్విన పాత భవనాన్ని, ఫిబ్రవరిలో పునాదులు వేసిన కొత్త భవనంతో పోల్చి "ముప్పై రోజులు ఆదా" అంటే, అది మోడల్ చేసిన ఆదా కాదు, ఎండ చేసినది. బ్రహ్మోత్సవాల రోజుల ట్రాఫిక్ మళ్లింపులు, తమిళుల పెరటాసి నెల శనివారాల్లో భక్తుల రద్దీ కూడా ఇలాంటివే. రెడీమిక్స్ లారీ గంట ఆలస్యంగా వస్తే స్లాబు కార్యక్రమమంతా వెనక్కి జరిగిపోతుంది. బయటి రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీల బృందాలు పండుగలకు ఊళ్లకు వెళ్లే వారాలనూ గుర్తు పెట్టుకోవాలి. పాత, కొత్త ప్రాజెక్టుల రెండింటి డైరీల నుంచి ఇటువంటి రోజులను తీసివేసి, మిగిలిన పని రోజులనే పోల్చండి.

మూడవ మార్గం, పోల్చడానికి ఏ భవనమూ లేనప్పుడు, ఒక్కొక్క సంఘటన దగ్గర "ఇది మోడల్ పట్టుకోకపోతే ఏమయ్యేది?" అని అనుభవజ్ఞుల చేత అంచనా కట్టించడం. మధ్యస్థాయి భవనాలకు చాలావరకు ఇదే ఆచరణసాధ్యం. తరువాతి మెట్టంతా దీని గురించే.

నాలుగవ మెట్టు: క్లాష్‌ల సంఖ్యను రూపాయల్లోకి మార్చడం

సాఫ్ట్‌వేర్ ఇచ్చే క్లాష్‌ల సంఖ్య లాభం కాదు. ఒక డక్టు పొడవునా ఐదు దూలాలను తాకితే ఐదు క్లాష్‌లు. దాని ఇన్సులేషన్‌ను వేరే భాగంగా గీసి ఉంటే పది. నిర్ణయం మాత్రం ఒక్కటే, డక్టును పది సెంటీమీటర్లు దించాలా, మరో దారిన తిప్పాలా అన్నది. అందుచేత మొదట క్లాష్‌లను నిర్ణయాల వారీగా గుంపులు కట్టాలి. గోడలో దూరవలసిన కండ్యూట్ (కరెంటు తీగల గొట్టం) గోడను తాకిందన్న హెచ్చరికల వంటివి పూర్తిగా కొట్టివేయాలి. మోడల్ గీసినవారి పొరపాటు వల్ల పుట్టినవి, అంటే అసలు డ్రాయింగులో సరిగా ఉండి మోడల్‌లో తప్పుగా పడ్డవి, లాభంలోకి రాకపోగా ఖర్చులోకి వస్తాయి.

మిగిలిన ప్రతి గుంపుకూ ఒక రిజిస్టరులో ఒక వరుస తెరవండి. తేదీ, స్థలం, ఏయే డ్రాయింగుల మధ్య పొంతన కుదరలేదు, ఏ నిర్ణయం తీసుకున్నారు, పట్టుకోకపోయి ఉంటే సైటులో ఏ దశలో బయటపడేది, అప్పుడు సరిదిద్దడానికి ఎంత అయ్యేది, ఆ దశ దాకా ఎవరి కంటా పడకుండా ఉండే అవకాశం ఎంత అన్నవి అందులో ఉండాలి. చివరి గడి చాలా ముఖ్యం. మా యజమాని అడిగిన ప్రశ్న అదే.

ఉదాహరణకు, లాడ్జి స్నానాల గది నుంచి వచ్చే 110 మిల్లీమీటర్ల మురుగు పైపు, వాలు ఇచ్చుకుంటూ పోయి, కారిడార్ దూలం దగ్గరకు వచ్చేసరికి ఫాల్స్ సీలింగ్ కన్నా కిందికి దిగిందనుకుందాం. విడివిడిగా చూస్తే ప్లంబింగ్ డ్రాయింగూ సరే, స్ట్రక్చరల్ డ్రాయింగూ సరే; రెండింటినీ కలిపి ఎత్తులు చూస్తేనే తప్పు తెలుస్తుంది. స్లాబు పడ్డాక బయటపడితే దూలానికి కోర్ కటింగ్ చేయాలా, సీలింగ్ దించాలా అన్న వాదన మొదలవుతుంది. దూలానికి రంధ్రం వేయడానికి స్ట్రక్చరల్ ఇంజినీరు ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోకపోవడమే మంచిది కూడా. ఇటువంటిది సైటులో ముందుగా కనపడే అవకాశం తక్కువ. అదే, మెట్ల దారిలో స్తంభం అడ్డం వచ్చిందంటే సెంట్రింగ్ వాళ్లే గుర్తు పడతారు. పెద్ద తప్పులు మనుషుల కంటికి కనిపిస్తాయి, మధ్యరకం తప్పులు తప్పించుకుంటాయి. మోడల్ విలువ ఎక్కువగా ఈ మధ్యరకంలోనే ఉందని నా అనుభవం.

అంచనాల తీరు తెలియడానికి ఒక ఊహాత్మక లెక్క చూద్దాం. 45,000 చదరపు అడుగుల లాడ్జిలో కొట్టివేతలు పోగా నిర్ణయం అవసరమైన గుంపులు 64 మిగిలాయి. వాటిలో పెద్దవి 9. ఒక్కొక్కటి సైటులో సరిదిద్దడానికి రూ.60,000, కంటపడకుండా పోయే అవకాశం 30 శాతం. మధ్యరకం 23, ఖర్చు రూ.12,000, అవకాశం 70 శాతం. చిన్నవి 32, ఖర్చు రూ.1,500, అవకాశం 50 శాతం. అప్పుడు పెద్దవాటి విలువ రూ.1,62,000, మధ్యరకం విలువ రూ.1,93,200, చిన్నవాటి విలువ రూ.24,000, మొత్తం రూ.3,79,200. అవకాశాన్ని లెక్కలోకి తీసుకోకుండా 64 గుంపులనూ పూర్తి ఖర్చుతో గుణించి ఉంటే రూ.8,64,000 వచ్చేది. సాఫ్ట్‌వేర్ అమ్మేవారి కరపత్రాల్లో కనిపించేది సాధారణంగా ఈ రెండవ అంకె.

ఈ అవకాశాల శాతాన్ని మోడల్ తయారుచేసినవారే నిర్ణయించకూడదు. సైటు ఇంజినీరు, అనుభవమున్న మేస్త్రీ, ప్లంబింగ్ లేదా ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు అనే ముగ్గురి చేత విడివిడిగా రాయించి, మధ్య అంకెను తీసుకోండి. ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే గట్టిగా మాట్లాడేవారి అంకే నిలుస్తుంది. ఏ వారం క్లాష్‌లకు ఆ వారమే చేయించాలి. ఆరు నెలల తరువాత అడిగితే అందరూ "ఇది మాకు అప్పుడే తెలుసు" అంటారు.

ఐదవ మెట్టు: పరిమాణాల తేడాను ఆదా అని భ్రమపడకండి

మోడల్ నుంచి తీసిన ప్లాస్టరింగ్ వైశాల్యం ఎస్టిమేటు కన్నా తక్కువ రావడం చూసి సంతోషించేవారు ఉన్నారు. తేడా చాలాసార్లు కొలత నియమంలోనే ఉంటుంది. భవన పనుల కొలతకు మనం పాటించే భారతీయ ప్రమాణం ఐఎస్ 1200 ప్రకారం, ప్లాస్టరింగ్‌లో అర చదరపు మీటరు లోపు ఖాళీలకు తగ్గింపు లేదు. అర నుంచి 3 చదరపు మీటర్ల వరకు ఉన్న ఖాళీలకు, రెండు వైపులా ఒకే ప్లాస్టరింగ్ ఉన్నప్పుడు, ఒక వైపు మాత్రమే తగ్గిస్తారు. మోడల్‌కు ఈ నియమం తెలియదు. ఉన్న ఖాళీనంతా రెండు వైపులా తీసేస్తుంది. 1 మీటరు వెడల్పు, 2.1 మీటర్ల ఎత్తు ఉన్న తలుపులు 120 ఉంటే, ఈ ఒక్క కారణంగా 252 చదరపు మీటర్ల తేడా వస్తుంది. బిల్లు మాత్రం ఎం-బుక్ (కొలతల పుస్తకం)లోని కొలత ప్రకారమే చెల్లిస్తారు గనుక, ఎవరికీ ఒక్క రూపాయి కూడా మిగలదు.

కాంక్రీటులో దీనికి ఎదురు తప్పు జరుగుతుంది. దూలాన్ని, స్లాబును కలపకుండా గీస్తే రెండూ ఒకదానిలో ఒకటి దూరిన భాగం రెండుసార్లు లెక్కకు వస్తుంది. 230 మిల్లీమీటర్ల వెడల్పు దూలం మీద 125 మిల్లీమీటర్ల మందం స్లాబు ఉంటే, 400 మీటర్ల దూలాలకు 11.5 ఘనపు మీటర్లు దండగగా పెరుగుతుంది. కనుక ముందుగా ఒక అంతస్తుకు చేతితో కొలతలు తీసి, మోడల్ కొలతలతో సరిచూసి, తేడాకు కారణం తెలిశాకే మిగతా అంతస్తులకు వెళ్లండి.

ఉక్కు విషయంలో నిజమైన ఆదాను వేబ్రిడ్జి చీటీలతోనే పట్టుకోవాలి. సైటుకు వచ్చిన బరువులోంచి యార్డులో మిగిలిన బరువును, బార్ బెండింగ్ షెడ్యూలు (కడ్డీల కొలతల పట్టిక) ప్రకారం వాడవలసిన బరువును తీసివేస్తే వృథా తేలుతుంది. షెడ్యూలు బరువును మనం మిల్లీమీటర్లలో వ్యాసపు వర్గాన్ని 162తో భాగిస్తే మీటరుకు కిలోలు వచ్చే సూత్రంతో కడతాము. కాని కడ్డీల భారతీయ ప్రమాణం ఐఎస్ 1786 మీటరు బరువులో 10 మిల్లీమీటర్ల వరకు 7 శాతం, అటుపై 16 వరకు 5 శాతం, అంతకు మించితే 3 శాతం హెచ్చుతగ్గులను అనుమతిస్తుంది. తక్కువ బరువు తూగే కడ్డీలు వస్తే వృథా తగ్గినట్లు కనిపిస్తుంది. అది మోడల్ ఘనత కాదు, రోలింగు మిల్లు సంగతి. ప్రతి లోడులోంచి కొన్ని మీటరు ముక్కలు తూచి, అసలు మీటరు బరువుతోనే షెడ్యూలు కట్టాలి. మోడల్‌లో కడ్డీలు గీసి, 12 మీటర్ల కడ్డీలోంచి ముక్కలు ఎలా కోయాలో ముందే ప్రణాళిక వేసినప్పుడు, 180 టన్నుల ఉక్కులో వృథా 5 శాతం నుంచి 3.5 శాతానికి దిగిందనుకుంటే 2.7 టన్నులు మిగులుతాయి. అయితే తుక్కును కూడా అమ్ముతాము కదా! టన్ను ధర రూ.60,000, తుక్కు ధర రూ.30,000 అనుకుంటే ఆదా టన్నుకు రూ.30,000 మాత్రమే, మొత్తం రూ.81,000.

ఆరవ మెట్టు: రోజుల విలువ

ఆలస్యం తప్పిన ప్రతి రోజుకూ విలువ ఉండదు. పెయింటింగ్ రెండు రోజులు ముందుగా అయినా, లిఫ్టు పని కోసం భవనం ఆగి ఉంటే ఆ రెండు రోజులు ఎవరికీ పనికిరావు. భవనం పూర్తయ్యే తేదీని నిజంగా జరిపే పనుల వరుసలో మిగిలిన రోజులనే లెక్కించాలి. కాంట్రాక్టరుకు రోజు విలువ అంటే సైటు సిబ్బంది జీతాలు, సెంట్రింగ్ అద్దె, యంత్రాల అద్దె, కాపలా. లాడ్జి యజమానికైతే గదుల ఆదాయంలోంచి నడిపే ఖర్చు పోగా మిగిలేది. పూర్తి అద్దెను రాయకూడదు.

డిజైనర్లను వివరణ కోరే కాగితాల (ఆర్‌ఎఫ్‌ఐ, అంటే రిక్వెస్ట్ ఫర్ ఇన్ఫర్మేషన్) సంఖ్య, వాటికి జవాబు రావడానికి పట్టిన రోజులు మంచి కొలతలే. మన సైటుల్లో ఒక చిక్కు ఉంది: తనిఖీకి పిలిచే కాగితాన్ని కూడా ఆర్‌ఎఫ్‌ఐ అనే అంటారు. రెండూ ఒకే ఫైలులో కలిసిపోతే సంఖ్యకు అర్థం ఉండదు గనుక, మొదటి రోజునే వేరు వేరు నంబర్లు ఇవ్వండి.

నాలుగవ మెట్టులో లెక్కించిన తప్పులను ముందే పట్టుకోవడం వల్ల తప్పిన ఆలస్యాన్ని ఇక్కడ రాసేటప్పుడు, సరిదిద్దే ఖర్చులో అప్పటికే కూలీల ఖాళీ సమయం కలిపి ఉంటే మళ్లీ కలపకూడదు. మన ఊహాత్మక లాడ్జిలో 8 రోజులు, రోజుకు రూ.18,000 అనుకుంటే రూ.1,44,000.

ఏడవ మెట్టు: ఖర్చు వైపు దాచకండి

మోడల్ తయారీ రుసుము అందరూ రాస్తారు. లైసెన్సులు, కంప్యూటర్లు, శిక్షణ, వారంవారం సమన్వయ సమావేశాల్లో ఇంజినీర్లు గడిపిన గంటలు, డ్రాయింగు మారిన ప్రతిసారీ మోడల్‌ను సవరించిన కూలి మాత్రం తరచుగా జారిపోతాయి. మోడల్ సిద్ధం కాలేదని సైటు ఆగిన రోజులు ఉంటే వాటినీ రాయాలి. మా లాడ్జిలో మోడల్ కన్నా మొదటి అంతస్తు స్లాబు ముందు పడింది. ఆ తరువాత ఆ అంతస్తుకు దొరికిన క్లాష్‌లన్నీ చరిత్ర పాఠాలుగానే మిగిలాయి. అటువంటివాటిని లాభంలో వేయకండి. ఉదాహరణకు మోడల్ రూ.3,60,000, సమావేశాల గంటలు రూ.60,000, కంప్యూటర్లలో ఈ ప్రాజెక్టు వాటా రూ.50,000, శిక్షణ రూ.40,000, మొత్తం రూ.5,10,000 అనుకుందాం.

ఎనిమిదవ మెట్టు: ఒక్క అంకె కాదు, అంకెల పరిధి

మన ఉదాహరణలో లాభం 3,79,200, 81,000, 1,44,000 కలిపి రూ.6,04,200. ఖర్చు పోగా మిగిలింది రూ.94,200. ఇక్కడితో ఆగకుండా, క్లాష్‌ల అవకాశాలను సగానికి తగ్గించి, రోజులను నాలుగుకు, ఉక్కు ఆదాను సగానికి దించి మళ్లీ లెక్క వేయండి: లాభం రూ.3,02,100 అవుతుంది, అంటే రూ.2,07,900 నష్టం. యజమానికి చూపవలసింది ఈ రెండు అంకెల మధ్య పరిధిని, దానితోపాటు ఏ ఊహ మారితే ఫలితం ఎక్కువగా మారుతుందో ఆ వివరాన్ని. ఈ లెక్కలో అది క్లాష్‌ల అవకాశమే. రెండవ ప్రాజెక్టుకు శిక్షణ ఖర్చు, కంప్యూటర్ల వాటాలో కొంత తగ్గుతాయి గనుక, మొదటి ప్రాజెక్టులో నష్టం తేలినంత మాత్రాన బిమ్ వద్దని తీర్మానించడం తొందరపాటు. అలాగని రెండవ ప్రాజెక్టు లాభాన్ని మొదటిదాని నివేదికలో ముందుగానే రాయడమూ తప్పే.

నివేదికలో అంకెలను మూడు గుంపులుగా వేరు చేయండి: చీటీలతోనో బిల్లులతోనో రుజువయ్యేవి, అనుభవజ్ఞుల అంచనా మీద నిలిచేవి, రూపాయల్లో చెప్పలేనివి. యజమాని మోడల్‌లో గదిని చూసి తలుపు ఎటు తెరుచుకోవాలో ముందే చెప్పగలగడం మూడవ గుంపుకు చెందుతుంది. దాన్ని మాటల్లో రాయండి, బలవంతంగా రూపాయి గుర్తు తగిలించకండి.

విదేశీ అధ్యయనాల శాతాలను తెచ్చి ఇక్కడ అతికించడం మరో అలవాటు. బ్రిటన్‌లో పీడబ్ల్యూసీ అనే సలహా సంస్థ బిమ్ లాభాలను కొలిచే పద్ధతిని రూపొందించి, 2018లో రెండు ప్రభుత్వ ప్రాజెక్టులపై ప్రయోగించింది. లండన్‌లో కార్యాలయ భవన పునరుద్ధరణలో సుమారు 3 శాతం, యార్క్ నగరపు వరద అడ్డుకట్ట పనిలో సుమారు 1.5 శాతం ఆదా తేలింది. ఆ పద్ధతి నుంచి నేర్చుకోవలసింది ఎంతో ఉంది. ఆ శాతాలు మాత్రం అక్కడి కూలి ధరలు, అక్కడి ఒప్పందాల మీద నిలిచినవి. మన ఉదాహరణలోని లాడ్జికి అడుగుకు రూ.2,000 చొప్పున రూ.9 కోట్లు అనుకుంటే, ఖర్చు తీయకముందు లాభమే 0.7 శాతం కన్నా తక్కువ. కూలి చౌకగా ఉన్నచోట పగలగొట్టి కట్టడం కూడా చౌకే.

తొమ్మిదవ మెట్టు: తాళాలు అప్పగించాక

భవనం నడిచే కాలంలో వచ్చే లాభాన్ని నిర్మాణపు లెక్కలో కలపకుండా, ఏడాది తరువాత వేరుగా కొలవండి. అందుకు మోడల్‌లో పంపులు, వాల్వులు, ఏసీ యంత్రాల వివరాలు, వారంటీ తేదీలు నింపి, సైటులో చివరి నిమిషంలో జరిగిన మార్పులను సరిచేసి ఇచ్చి ఉండాలి. అలా ఇవ్వకపోతే కొలవడానికి ఏమీ ఉండదు. కొలత కష్టం కాదు. లాడ్జి నిర్వహణ సూపర్‌వైజరు దగ్గర ఒక నోటు పుస్తకం ఉంచి, మరమ్మతు పిలుపు వచ్చిన ప్రతిసారీ తప్పు ఎక్కడుందో వెతకడానికి పట్టిన నిమిషాలను, ఊరికే పగలగొట్టిన టైల్స్ సంఖ్యను రాయించండి. మోడల్ లేని పక్క భవనంలోనూ అదే పుస్తకం పెట్టించగలిగితే పోలికకు ఇంకేమీ అక్కరలేదు. సూపర్‌వైజరు మోడల్‌ను అసలు తెరిచారా లేదా అన్న గడి కూడా ఆ పుస్తకంలో ఉండాలి. మేము చూసిన ఒక చోట ఏడాది పొడవునా ఆ గడిలో "లేదు" అనే పడింది, ఎందుకంటే మోడల్ ఉన్న కంప్యూటర్ పాస్‌వర్డు యజమాని కొడుకు ఒక్కడికే తెలుసు, అతను బెంగళూరులో ఉన్నాడు.